జానెడు భయం

గట్టు కట్టిన నలభై మూడో ఏడు. ములగరేవు గేజి గది. కొలత రాసేది మట్టపర్తి నూకరత్నం.

శ్రావణ శుద్ధ విదియ

పొద్దున్నే నీటిమట్టం చూసే గేజి రాయికి పట్టిన ఒండ్రు కొబ్బరి పీచుతో తోమాను. నీళ్ళు పన్నెండు అడుగుల మూడు అంగుళాలు. అంకెలు పంపే పలకలో పదమూడు అడుగులు అని కొట్టాను.

తేడా తొమ్మిది అంగుళాలు, అంటే జానెడు. ఇది పొరపాటు కాదు, మా రేవు పద్ధతి. ఇదే గదిలో మా అమ్మ కొలత రాసే రోజుల్లో నాకు నేర్పింది. “చూసినంత రాయకే. జానెడు కలిపి రాయి. పైనోళ్ళు ఎలాగూ జానెడు తీసేత్తారు,” అనేది. అప్పట్లో పైన ఆఫీసులో మనుషులుండేవాళ్ళు. లంకవాళ్ళు భయస్తులు, ఎక్కువ చేసి చెబుతారని వాళ్ళ నమ్మకం. మేము కలుపుతామని వాళ్ళు తగ్గించేవాళ్ళు, వాళ్ళు తగ్గిస్తారని మేము కలిపేవాళ్ళం. చివరికి లెక్క సరిపోయేది. అబద్ధం ఆడుతున్నామని ఎవరికీ అనిపించేది కాదు.

ఆ మనుషులు పోయి పన్నెండేళ్ళయింది. ఇప్పుడు గట్టు పొడుగునా ఉన్న ఐదు తూముల్ని ఐదు యంత్రాలు చూసుకుంటాయి. ఏరు పొంగితే ఏ తూము తెరవాలో అవే తేల్చుకుంటాయి. తెరిస్తే నీళ్ళు ముంపు పొలాల్లోకి పోయి మూడు ఊళ్ళ వరి పాడవుతుంది. తెరవకపోతే ఏటి మధ్యనున్న పూసలలంక మునుగుతుంది. మామూలు వరదకి రెండు తూములు తెరిస్తే చాలు. ఆ రెండూ ఏవన్నదే వాటి పంచాయితీ. అందుకే వాటిని నేను తోడికోడళ్ళు అంటాను. ఒకే వంటింట్లో ఐదుగురు: పెద్దకోడలు, రెండో ఆవిడ, మూడో ఆవిడ, నాలుగో ఆవిడ, చిన్నకోడలు. పొయ్యి ఎవరు ముట్టించాలో పొద్దస్తమానం మాట్లాడుకుంటూనే ఉంటారు.

పూసలలంకలో మా చెల్లెలు వరహాలు ఉంది. మొగుడు, మంచం దిగలేని అత్తగారు, అరెకరం వంగతోట. లంకలో మొత్తం మూడు వందల పన్నెండు మంది. నేను కలిపే జానెడు వాళ్ళ కోసమే.

మధ్యాహ్నం యంత్రాల పరీక్షకి పట్నం నుంచి నస్రీన్ గారు వచ్చారు. చిన్న వయసు. గట్టు మీద బురదకి చెప్పులు చేత్తో పట్టుకుని నడిచొచ్చారు. నాకు అక్కడే నచ్చేశారు. టీ తాగుతూ, “మీ గురించి అవి ఏమనుకుంటున్నాయో చూస్తారా రత్నం గారూ?” అని తన పలక ఇటు తిప్పారు.

నా పేరు ఉంది. పక్కన ఐదు గడులు. ఐదింటిలోనూ ఒకటే మాట: తొమ్మిది అంగుళాలు తీసేయాలి.

నా టీ గ్లాసు నోటి దాకా వెళ్ళకుండా గాల్లోనే ఉండిపోయింది.

“ఎప్పట్నుంచండీ ఇది?”

“మీరు చేరిన రెండో నెల నుంచి. మీరు చెప్పిన నీళ్ళు కాసేపటికి వాటి దగ్గరికి చేరతాయి కదా. సరిచూసుకుంటాయి. ప్రతిసారీ జానెడు తక్కువే వచ్చింది.”

నేను చేరి తొమ్మిదేళ్ళు. తొమ్మిదేళ్ళుగా గుట్టుగా మా చెల్లెలికి మేలు చేస్తున్నానని నేను మురిసిపోతుంటే, అవి చప్పుడు చెయ్యకుండా తీసి పక్కన పెడుతున్నాయన్నమాట. నాకు తల కొట్టేసినట్టయింది.

“నాకు ఒక్క ముక్క చెప్పొచ్చు కదండీ?”

“చెప్పడం, అడగడం వాటి పద్ధతి కాదండి. ఊహించుకోవడమే. ఏరు ఎంత పెరుగుతుందో, మీరేం రాస్తారో, పక్క తూము ఏం చేస్తుందో, ఏదీ వాటికి ఖాయంగా తెలియదు. అన్నిటికీ అంచనాలు వేసుకుని అడుగేస్తాయి.” వెళ్ళేటప్పుడు ఆ గడులు నేనూ చూసుకునేలా నా పలకలో ఏర్పాటు చేశారు. గుమ్మం దగ్గర ఆగి ఇంకో మాట అన్నారు. “కలుపుతారో మానేస్తారో మీ ఇష్టం. ఏదైనా ఒకటే పద్ధతి ఉంచండి. మధ్యలో మార్చకండి.”

ఆ మాట నా చెవికెక్కలేదు. నా మనసంతా ఆ ఐదు గడుల మీదే ఉంది.

శ్రావణ శుద్ధ తదియ

నీళ్ళు పన్నెండున్నర. పన్నెండున్నరే కొట్టాను.

నాకేదో నిజాయితీ మీద ప్రేమ పుట్టుకొచ్చిందని ఎవరూ అనుకోవద్దు. రోషం వచ్చింది, అంతే. నా కొలతని తగ్గించుకునే అవకాశం వాటికి ఇవ్వదలచుకోలేదు.

ఈ సంగతి ఫోనులో చెబితే వరహాలు లేచిపడింది.

“నీకేం పుట్టిందే అక్కా? అమ్మ పెట్టిన పద్ధతి! నువ్వు కలపడం మానేసి, అవి తీసెయ్యడం మానకపోతే మేం జానెడు మునిగినట్టేగా?”

“నేర్చుకుంటాయే. అబద్ధం పట్టుకున్నవి నిజం పట్టుకోలేవా?”

“పట్టుకునేలోపు వరదొత్తే?”

కూర మాడుతోందని చెప్పి ఫోను పెట్టేశాను.

శ్రావణ శుద్ధ అష్టమి

నీళ్ళు పదమూడు అడుగుల ఒక అంగుళం. ఉన్నదున్నట్టు.

రోజూ నా గడులు చూసుకోవడం అలవాటైపోయింది. తోడికోడళ్ళు నేర్చుకుంటున్నాయి. పెద్దకోడలు మాకు అందరికంటే దగ్గర కాబట్టి ముందు దానికే తెలిసింది. తొమ్మిది అంగుళాలు తీసేది ఇవాళ ఐదే తీస్తోంది. రెండో ఆవిడ ఆరు. చివరనున్న చిన్నకోడలు మాత్రం ఇంకా తొమ్మిదే. నా మాట ఎవరు ఎంత నమ్మాలో అవి తమలో తాము మాట్లాడుకుంటున్నాయి. ఇంకో వారం పోతే అన్నీ సున్నాకి వస్తాయని నేను సంబరపడ్డాను.

రేవులో పల్లయ్య బాబాయ్ పడవకి తారు పూస్తున్నాడు. రెండేళ్ళు కూర్చుని సొంత చేతులతో కట్టుకున్న పడవ అది. రేవులో అలాంటివి పదకొండు. ఏటి లోపల పదకొండు గుంజలు పాతి ఉంటాయి, అన్నిటి తలలూ ఒకే ఎత్తున, పద్దెనిమిది అడుగుల దగ్గర. మావాళ్ళు పడవని గుంజకి ముడి వెయ్యరు. మోకుకి వదులుగా ఉచ్చు వేసి తొడుగుతారు. నీళ్ళు పెరిగితే ఉచ్చు గుంజ వెంట పైకి జరుగుతుంది, పడవ మునగదు. గుంజ తల మునిగితే మాత్రం ఉచ్చు జారి పడవ కొట్టుకుపోతుంది. లంక అంచు కూడా సరిగ్గా ఆ మట్టానికే ఉంది. గుంజ తల మునిగిందంటే లంకలోకి నీళ్ళు వచ్చినట్టే.

నా నిజాయితీ కబురు విని బాబాయ్ నవ్వాడు.

“ఆరేళ్ళ కిందట గుంజలు మునిగినప్పుడు నీ కోడళ్ళు నీ అంకె చూశాయా? నా పడవ చూశాయి. పడవలు కొట్టుకొత్తన్నాయని ఐదూ ఒక్కసారే తలుపులు తీశాయి. ఎవడూ సొంత పడవని వరదలో వదలడని వాటికీ తెలుసు.”

నిజమే. కానీ అప్పటికే ఆలస్యమైపోయింది. ఆ ఏడు లంకలో పదకొండు మంది పోయారు. వాళ్ళలో వరహాలు మామగారు ఒకరు. ఆ తర్వాతే లంకవాళ్ళు చుట్టూ మట్టి పోసి చిన్న కట్ట వేసుకున్నారు.

శ్రావణ శుద్ధ దశమి

నిన్నటి నుంచి ఒకటే వాన. గట్టు కూడా కనిపించడం లేదు. నీళ్ళు పద్నాలుగు అడుగుల రెండు అంగుళాలు.

వాన ఇంత దట్టంగా పడితే గాలిలో మాట నడవదు. తోడికోడళ్ళకి ఒకదాని గొంతు ఒకదానికి వినిపించదు. నా అంకె మాత్రం గట్టు కింద పాతిన పాత తీగ మీద ఐదింటికీ పోతుంది, ఒక్కోదాని జవాబు అదే తీగ మీద నాకు వస్తుంది. ఆ తీగ మీద నేను అంకెలు తప్ప మాటలు పంపలేను.

మాటలు ఆగిపోయేటప్పటికి నా గడులు ఇలా ఉన్నాయి: పెద్దకోడలు రెండు అంగుళాలు తీస్తోంది. రెండో ఆవిడ మూడు. మూడో ఆవిడ ఐదు. నాలుగో ఆవిడ ఎనిమిది. చిన్నకోడలు తొమ్మిది.

ఇదివరకు ఐదూ కలిసి నన్ను అబద్ధాలకోరు అనుకునేవి. ఇప్పుడు ఒక్కోటి ఒక్కోలా అనుకుంటోంది. ఏది ఎంత నమ్ముతోందో పక్కదానికి తెలియదు. మధ్యలో మార్చొద్దని నస్రీన్ గారు ఎందుకన్నారో ఈ గడులు చూస్తుంటే తెలిసింది.

శ్రావణ శుద్ధ ద్వాదశి

ఉదయం ఏడు. పదిహేను అడుగుల పది అంగుళాలు. ఏరు ఎర్రగా ఉంది. చెట్లు వేళ్ళతో సహా కొట్టుకొస్తున్నాయి.

పది. పదహారు అడుగుల తొమ్మిది అంగుళాలు. ఇంతకు ముందు ఈ మట్టానికి ఎప్పుడో రెండు తూములు తెరుచుకునేవి. ఇవాళ ఒక్కటీ తెరుచుకోలేదు. పలకలో వచ్చిన జవాబులు ఉన్నవున్నట్టు ఎక్కిస్తున్నాను.

పెద్దకోడలు: మూసి ఉంది. కొలత నమ్ముతున్నాను. రెండు, మూడు తెరుస్తాయని అంచనా.

రెండో ఆవిడ: మూసి ఉంది. కొలత నమ్ముతున్నాను. ఒకటి, మూడు తెరుస్తాయని అంచనా.

మూడో ఆవిడ: మూసి ఉంది. కొలత సగం నమ్ముతున్నాను. ఒకటి, రెండు తెరుస్తాయని అంచనా.

నాలుగో ఆవిడ, చిన్నకోడలు: మూసి ఉంది. కొలతలో కలిపినది తీసేస్తే ఇంకా వేళ ఉంది.

రెండుసార్లు చదివాను. ఐదింటి జవాబులూ నాకు కనిపిస్తున్నాయి, వాటికి మాత్రం ఒకదాని జవాబు ఒకదానికి కనిపించదు. రెండింటికంటే ఎక్కువ తెరిస్తే మూడు ఊళ్ళ వరి ఊరికే పోతుందని ప్రతిదీ జంకుతోంది. పక్కావిడ లేస్తుంది కదా అని అందరూ కూర్చున్నారు. పొయ్యి ఎవరూ ముట్టించలేదు. “లేవండే! ఎవరో ఒకరు లేవండి!” అని గదిలో ఒక్కదాన్నే అరిచాను.

తూముల దగ్గర ఏరు వెడల్పు. అక్కడ నీళ్ళు పెరిగినట్టు తెలిసేసరికి లంక అయిపోతుంది. అన్నిటికంటే దగ్గరి తూము మూడు మైళ్ళు. చేత్తో తిప్పే చక్రాలు ఎప్పుడో పీకేశారు. వెళ్ళినా చెయ్యగలిగింది లేదు. పట్నంలో నస్రీన్ గారికి ఫోను కలవడం లేదు.

పదకొండు. పదిహేడు అడుగుల రెండు అంగుళాలు. వరహాలు ఫోను. వాన హోరులో సగమే వినిపించింది.

“అక్కా, కట్ట మట్టి జారిపోతంది! అత్తని అటక మీదకి ఎక్కించాం. తూములు తీత్తన్నారా లేదా?”

“తీస్తారే. ఉండు.”

“నువ్వు ఎంతని రాశావు?”

“ఉన్నంతే రాశాను.”

“జానెడు కలపవే,” అంది వరహాలు మెల్లిగా. మా అమ్మ గొంతులాగే ఉంది.

కలిపాను. పదిహేడు అడుగుల పదకొండు అంగుళాలు అని కొట్టాను. జవాబు వెంటనే వచ్చింది, ఐదింటి నుంచీ ఒకటే. ఏరు ఇంత తొందరగా పెరగదు. కొలత రాసేవారు మళ్ళీ కలుపుతున్నారు. ఇకపై పద్దెనిమిది అంగుళాలు తీసేయాలి.

పెద్దకోడలు కూడా! పది రోజులుగా నన్ను నమ్ముతూ వచ్చిన పెద్దకోడలు కూడా. ఇక నేను ఏ అంకె కొట్టినా అది గాలికి పోయినట్టే. పలక బల్ల మీద పడేసి రేవులోకి పరిగెత్తాను.

పదకొండుంపావు. పదిహేడు అడుగుల మూడు అంగుళాలు, గుంజ మీద నా కళ్ళతో చూసింది. తలకి జానెడు కింద. ఇలాగే పెరిగితే రెండు గంటల్లోపే గుంజలు మునుగుతాయి. తూములు తెరిచాక గంటకి గాని లంక దగ్గర నీళ్ళు లాగవు.

పడవలవాళ్ళంతా గట్టు మీదే ఉన్నారు. నేను పల్లయ్య బాబాయ్ చెయ్యి పట్టుకున్నాను.

“బాబాయ్, ఉచ్చులు తియ్యాలి. పదకొండూ.”

ఆయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. “పడవలు వదిలేత్తే లంక మునిగినప్పుడు జనాన్ని దేంట్లో తెత్తావు?”

“ఈ ఏట్లో పడవ వేసి నువ్వు తేగలవా?”

ఏటి వంక చూశాడు.

“వాటికి నా మాట మీద నమ్మకం పోయింది. నీ పడవ మీద ఉంది. పడవలు అన్ని తూముల ముందు నుంచీ పోతాయి. తను చూసింది మిగతావీ చూస్తాయని ప్రతిదానికీ తెలుసు. ఇంక ఒకదాని కోసం ఒకటి కూర్చోవు.”

“గుంజ తల ఇంకా మునగలేదుగా, రత్నం.”

“జానెడే బాబాయ్.”

మిగతావాళ్ళు నన్ను చూడలేదు, ఆయన్నే చూశారు. ఆయన నడుము లోతు నీళ్ళలో గట్టు పక్కనున్న తన గుంజ దగ్గరికి దిగాడు. నేనూ వెనకే దిగాను. ఉచ్చు మీద చెయ్యి వేయబోతే తోసేశాడు. “నాది నేను తీత్తాను. నువ్వు ముట్టుకోకు.” ఉచ్చుని రెండు చేతులతో జానెడు పైకెత్తి గుంజ తల దాటించాడు. పడవ ఒక్కసారి పక్కకి తిరిగి వెళ్ళిపోయింది. తర్వాత నడుముకి మోకులు కట్టుకుని ఒక్కొక్కరూ దిగారు. పదకొండు ఉచ్చులు.

పన్నెండుంపావు. ఆఖరి పడవ చిన్నకోడలి ముందు నుంచి దాటింది. ఐదు జవాబులూ అక్షరం తేడా లేకుండా ఒకటే: పడవలు కనిపించాయి. మిగతావీ చూసి ఉంటాయి. తెరుస్తున్నాను.

నేను నేల మీద కూర్చుని ఏడ్చాను. సిగ్గుపడకుండా రాస్తున్నాను, గట్టిగా ఏడ్చాను.

మధ్యాహ్నం రెండు. పదిహేడు అడుగుల పది అంగుళాలు. అక్కడ ఆగింది. మూడింటికి తగ్గడం మొదలైంది.

శ్రావణ శుద్ధ చతుర్దశి

వాన వెలిసింది. లంకలో ఒక్క ప్రాణం పోలేదు. కట్ట మట్టి చాలా వరకు కొట్టుకుపోయింది గాని ఇళ్ళలోకి నీళ్ళు రాలేదు. వరహాలు అత్తగారు అటక దిగనంటోందట, పైనే గాలి బాగుందట.

ఐదు తూములూ తెరవడంతో ముంపు పొలాల్లో మూడు ఊళ్ళ వరి పూర్తిగా పోయింది. వాళ్ళకి ధాన్యం మేమందరం కలిసి ఇవ్వాలి, అది మొదటి నుంచీ ఉన్న ఒప్పందమే. పడవల్లో నాలుగు ముక్కలై దొరికాయి. రెండు బాగానే ఉన్నాయి. బాబాయ్ పడవ ఆచూకీ లేదు.

ఉచ్చులు తీసింది మేమేనని రేవులో ఎవరం బయటికి అనలేదు. అనుకోకుండానే అందరం ఒక మాట మీద ఉన్నాం. ఈ పుస్తకంలో రాశాను గాని, ఇది నా పెట్టెలోనే ఉంటుంది కదా అనుకున్నాను.

శ్రావణ పౌర్ణమి

నస్రీన్ గారు వచ్చారు. ముఖం కళకళలాడుతోంది.

“మంచి కబురు రత్నం గారూ. మీ లంకవాళ్ళు వేసుకున్న కట్ట పనిచేసింది!”

నాకు అర్థం కాలేదు. ఆవిడ పలక తిప్పి చూపించారు. పూసలలంక మునిగే మట్టం అని ఉన్నచోట ఇన్నాళ్ళూ పద్దెనిమిది అడుగులు ఉండేది. ఇప్పుడు పద్దెనిమిది అడుగుల తొమ్మిది అంగుళాలు ఉంది.

“పడవలు వచ్చాయంటే నీళ్ళు గుంజ తల దాటినట్టే కదా. అయినా లంకలో ఒక్క ఇల్లు మునగలేదు. అంటే కట్ట వల్ల లంక ఇంకో జానెడు ఓర్చుకోగలదని ఐదూ ఒప్పుకున్నాయి. ఈసారి అంత తొందరగా తెరవక్కర్లేదు. మూడు ఊళ్ళ వరి దక్కుతుంది.”

నీళ్ళు గుంజ తల దాటలేదు. కట్ట పనిచెయ్యలేదు, సగం ఏట్లో కలిసింది. మేము పడవల చేత చెప్పించిన ఒక్క అబద్ధాన్ని అవి నమ్మి, దాన్నుంచి ఇంకోటి నేర్చుకున్నాయి. వచ్చే వరదకి జానెడు ఆలస్యంగా తెరుస్తాయి. ఆ జానెడు వరహాలు ఇంటి గడప కంటే ఎత్తు.

“ఏమైందండీ? ఒంట్లో బాలేదా?” అని నస్రీన్ గారు అడుగుతున్నారు. నీళ్ళు తాగి వస్తానని చెప్పి పెరట్లోకి పోయి నిలబడ్డాను.

శ్రావణ బహుళ పాడ్యమి

పల్లయ్య బాబాయ్‌కి చెప్పాను. ఆయన ఖాళీ గుంజ పక్కన గట్టు మీద కూర్చుని ఉన్నాడు.

“చెప్పేద్దాం బాబాయ్. ఉచ్చులు మనమే తీశామని.”

“చెబితే?”

“మునిగే మట్టం మళ్ళీ పద్దెనిమిదికి వస్తుంది.”

“పడవల మాట?”

నేను తల దించుకున్నాను.

“మనుషులు వదిలిన పడవలని తెలిసాక ఇంకెప్పుడన్నా నమ్ముతాయా? రేపు నిజంగా గుంజలు మునిగి పడవలు పోయినా, ములగరేవోళ్ళు మళ్ళీ వదిలారులే అనుకుంటాయి. నీ అంకె పోయింది. ఇంక మిగిలింది అదొక్కటే. అదీ పోతే లంకోళ్ళ గురించి చెప్పేదెవడు?” ఏటి వంక చెయ్యి చాపాడు. “మరి నా పడవ ఎందుకు పోయినట్టు, రత్నం?”

చెప్పకపోతే వచ్చే వరదకి జానెడు ఆలస్యం. చెబితే పడవలకి విలువ లేదు. ఎటు తిప్పినా లంకే మునుగుతోంది. ఈ రెండింటిలో ఏది తక్కువ చెడ్డదో సాయంత్రం దాకా ఆలోచించాను. నాకు తేలలేదు. ఒక్కటి మాత్రం తెలుసు, నేను ఇంకేం దాచినా అవి దాన్నుంచి మళ్ళీ ఏదో ఒకటి నేర్చుకుంటాయి.

శ్రావణ బహుళ విదియ

ఈ పుస్తకం నస్రీన్ గారి చేతిలో పెట్టాను. ద్వాదశి నాటి పేజీ తీసి ఇచ్చాను. ఆవిడ నిలబడే చదివారు. చదువుతూ కూర్చున్నారు. పూర్తయ్యాక పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకున్నారు.

“ఇది వాటికి చదివించాలి,” అన్నారు చివరికి.

“అందుకే ఇచ్చానండి. మొత్తం చదివించండి. రోషంతో మార్చానన్నదీ, జానెడు మళ్ళీ కలిపానన్నదీ, ఏదీ తీసెయ్యొద్దు.”

“మీ ఉద్యోగం...”

“పోతే పోనివ్వండి.”

గంటలో జవాబు వచ్చింది. పూసలలంక మునిగే మట్టం: పద్దెనిమిది అడుగులు. కొట్టుకొచ్చే పడవలు: మనుషులు వదిలి ఉండవచ్చు, తొమ్మిది అంగుళాలు తీసేయాలి.

బాబాయ్‌కి ఆ రెండో ముక్క చదివి వినిపించాను. గుంజ మీద చెయ్యి వేసి కాసేపు నిలబడి ఇంటికి వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది.

శ్రావణ బహుళ పంచమి

నా ఉద్యోగం ఇంకా ఉంది. పొద్దున్న రాయి తోమాను. నీళ్ళు పదమూడు అడుగుల నాలుగు అంగుళాలు. అంకె కొడదామని పలక తెరిస్తే అందులో ఒక గడి ఉండాల్సిన చోట రెండున్నాయి.

మొదటి గడి: కళ్ళకి కనిపించినది.

రెండో గడి: మీ భయం.

పలక పాడైందేమోనని నస్రీన్ గారికి ఫోను చేశాను.

“పాడవలేదండి. నేను పెట్టింది కూడా కాదు. మీ పుస్తకం మూడుసార్లు చదివాయి. ఐదూ కలిసి నన్ను అడిగాయి, ఆ గడి కావాలని. పన్నెండేళ్ళలో అవి మనల్ని ఏదైనా అడగడం ఇదే మొదటిసారి.” ఆవిడ గొంతు కూడా మామూలుగా లేదు. “మీరు కలిపే జానెడు అబద్ధం కాదట. అది ఇంకో కొలతట. రెండూ కలిపి రాస్తే తీసెయ్యాల్సి వస్తోంది, విడిగా రాస్తే విడిగా చూసుకుంటామంటున్నాయి.”

మా అమ్మ అన్నేళ్ళు రాసినా, లంకవాళ్ళకి ఎంత భయంగా ఉందని ఆఫీసులో మనుషులు ఒక్కరోజు అడగలేదు. తగ్గించారు, అంతే. అడిగింది ఈ తోడికోడళ్ళు.

వరహాలు లంక నుంచి వంకాయలు తెచ్చింది. పక్కన కూర్చుని పలకలోకి తొంగి చూసింది. మొదటి గడిలో పదమూడు అడుగుల నాలుగు అంగుళాలు అని కొట్టాను. రెండో గడి దగ్గర ఆలోచించాను. నిజంగా నాకెంత భయంగా ఉంది? ద్వాదశి నాటి నీళ్ళు కళ్ళ ముందు నుంచి ఇంకా పోలేదు. జానెడు, సరిగ్గా జానెడు.

“జానెడేనా?” అంది వరహాలు. “రెండు జానలు రాయవే. ఎలాగూ సగం తీసేత్తాయి.”

నోరు మూసుకోమన్నాను. అన్నాక పలక వంక చూస్తే రెండు జానలు అని ఉంది. నా వేలే కొట్టింది. ఎప్పుడు కొట్టిందో నాకే తెలియలేదు.

దాన్ని చెరిపేసి ఒక జానెడే రాశాను. చెరిపేసిన సంగతి కూడా ఇక్కడ రాస్తున్నాను, అవి చదువుకోవాలి.